నిలువనీడ కోసం: కర్నూలు, కడప ప్రాంతాల్లో నిరాశ్రయత – కళల సాక్ష్యం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నిరాశ్రయులు, నిర్వాసితులు, వలస కూలీలు అనే పదాల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• పాట, ఛాయాచిత్రం, బుర్రకథ, కావ్యం, కథ ఇల్లు పోయినవారి స్థితిని సమాజం ముందు ఎలా నిలిపాయో వివరించగలుగుతారు.
• శ్రీశైలం ముంపులో కట్టడాల రక్షణకూ, ప్రజల పునరావాసానికీ మధ్య ఉన్న వ్యత్యాసాన్ని విశ్లేషించగలుగుతారు.
• కళాఖండాలను చరిత్ర ఆధారాలుగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

వేసవిలో శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం తగ్గినప్పుడు కర్నూలు ప్రాంతంలోని సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడుతుంది. భక్తులు పడవల మీద, ఆ తరువాత కాలినడకన అక్కడికి చేరుకుంటారు. పూజలు జరుగుతాయి, ఫొటోలు తీసుకుంటారు. వానలు కురిసి నది నిండగానే గుడి మళ్ళీ మునిగిపోతుంది. ఆ గుడి గురించి ఏటా మాట్లాడుకుంటాం. దాని చుట్టూ అదే నీటి కింద ఊళ్ళు కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం అంతగా గుర్తుకు రాదు. ఆ ఊళ్ళ మనుషులు ఎక్కడికి పోయారు? వారి గురించి మనకు చెప్పేదెవరు?

ఈ భాగం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఇల్లు లేనివారి చరిత్ర రాయడం కష్టం. రెవెన్యూ రికార్డులో పేరు ఉండాలంటే భూమి ఉండాలి. ఓటరు జాబితాలో పేరు ఉండాలంటే చిరునామా ఉండాలి. ఇల్లు పోగొట్టుకున్నవారు తరచుగా ఈ కాగితాల్లోంచి కూడా జారిపోతారు. అందువల్ల వారి స్థితి తెలుసుకోవడానికి చరిత్రకారులు పాటలు, చిత్రాలు, కథల వైపు కూడా చూడవలసి వస్తుంది. రాయలసీమలో కరువు, వలస, ముంపు పదేపదే జనాన్ని ఇళ్ళనుంచి కదిలించాయి. ఆ ప్రతి ఘట్టంలో కళ ఏదో ఒక పాత్ర పోషించింది. ఆ పాత్ర అన్నివేళలా ఒకే రకంగా లేదు. కొన్నిసార్లు అది దాతను పొగిడింది, కొన్నిసార్లు చందా అడిగింది, కొన్నిసార్లు సాక్ష్యం చెప్పింది.

2. పదాలు, లెక్కలు

ముందుగా మూడు పదాలను వేరు చేసుకుందాం. నిలువనీడ లేక రోడ్డు పక్కన, రైల్వే స్టేషన్‌లో, గుడి ముంగిట, చెట్టు కింద బతికేవారు నిరాశ్రయులు. ప్రాజెక్టు కోసమో, గని కోసమో, రహదారి కోసమో ఊరు ఖాళీ చేయవలసి వచ్చినవారు నిర్వాసితులు. పని కోసం కొన్ని నెలలపాటు సొంత ఊరు విడిచి వెళ్ళేవారు వలస కూలీలు. ఈ మూడు స్థితుల మధ్య గోడలు పలుచన. పరిహారం చాలని నిర్వాసితుడు వలస కూలీ అవుతాడు. జబ్బుపడిన వలస కూలీ పట్నంలో నిరాశ్రయుడు కావచ్చు.

మన జనాభా లెక్కల్లో, జనగణన గృహంగా లెక్కకు వచ్చే కట్టడంలో కాకుండా ఆరుబయట బతికే కుటుంబాలను ఇల్లు లేని కుటుంబాలుగా పరిగణిస్తారు. వీరిని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళనుంచి వేలాది కుటుంబాలు పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు ప్రాంతానికి వెళతాయి. దీన్ని అక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఫిబ్రవరి నెలాఖరు అంటే మిరప కోతలు జోరుగా సాగే కాలం. ఆ రాత్రి సుగ్గి కూలీ పొలం గట్టున పట్టాకప్పు కింద పడుకొని ఉంటాడు. అతని ఇల్లు కోసిగిలో తాళం వేసి ఉంటుంది. అతనికి ఇల్లు ఉన్నట్టా, లేనట్టా? ఒక అంకె ఈ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పలేదు. కథ, పాట, ఛాయాచిత్రం వంటివి ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే.

3. కరువు కాలం: పాట, ఛాయాచిత్రం

19వ శతాబ్దంలో ఈ ప్రాంతం కరువులను వరుసగా చూసింది. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి ఊళ్ళు విడిచి వచ్చిన వేలాది మందికి అన్నదానం చేశాడు. ఆయన మీద పుట్టిన జానపద గేయం కర్నూలు, కడప పల్లెల్లో తరతరాలుగా నిలిచింది. ఆ పాట దాతను కీర్తించడానికే పుట్టింది. అయినా చరిత్ర విద్యార్థికి అందులో మరో సమాచారం దొరుకుతుంది. ఒక ఊరి ముందు అంతమంది అన్నం కోసం చేరారంటే, అంతమంది తమ ఇళ్ళు విడిచి నడిచి వచ్చారన్నమాట. పాటలో పేరు నిలిచింది అన్నం పెట్టిన వ్యక్తికి. తిన్నవారు గుంపుగానే మిగిలిపోయారు. కళలో ఎవరికి పేరు ఉంటుంది, ఎవరికి ఉండదు అనే ప్రశ్నను ఈ భాగం చివరిదాకా గుర్తుంచుకోండి.

1876–78 నాటి మహా క్షామం ఇంకా తీవ్రమైంది. దీన్ని ఈ ప్రాంతంలో ధాత కరువు అంటారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. చావులు, వలసలు రెండూ ఇందుకు కారణాలు. ఆ కాలానికి ఛాయాచిత్ర కళ మద్రాసు రాజధానిలో అడుగుపెట్టి ఉంది. విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి క్షామ బాధితుల ఛాయాచిత్రాలు తీశాడు. ఎముకల గూళ్ళలా మారిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసిన చిత్రాలవి. 1877లో లండన్‌నుంచి వెలువడే సచిత్ర పత్రిక ఒకటి పొరుగున ఉన్న బళ్ళారిలో సహాయం పంచుతున్న దృశ్యాన్ని చెక్కడపు బొమ్మగా ప్రచురించింది. అదే కాలంలో లండన్ మేయర్ ఆధ్వర్యంలో క్షామ సహాయ నిధి వసూలైంది. దూరదేశపు పాఠకులకు ఈ కరువు ఒక దృశ్యంగా చేరింది.

కాని హూపర్ మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. ఆకలితో ఉన్నవారిని బొమ్మ కోసం కూర్చోబెట్టి, బొమ్మ తీసిన తరువాత వారిని వారి మానాన వదిలేశాడన్నది ప్రధాన ఆరోపణ. ఆ చిత్రాలు నేటికీ క్షామ చరిత్రకు తిరుగులేని ఆధారాలు. అయితే అందులో ఉన్న ఒక్క మనిషి పేరు కూడా మనకు తెలియదు. ఇతరుల కష్టాన్ని చూపే కళ ముందు ఎప్పుడూ నిలిచే నైతిక ప్రశ్న ఇది: చూపించడం వల్ల మేలు ఎవరికి?

4. ఇల్లు లేని కళాకారులు

ఇతరుల గాథలను ఊరూరా మోసినవారిలో చాలామందికి స్థిరమైన ఇల్లు లేదు. బుర్రకథకు మూలమైన జంగం కథను చెప్పిన సంచార కళాకారులు, తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు డేరాల్లోనూ, సత్రాల్లోనూ, చెట్ల కిందా బతికారు. పంటలు చేతికొచ్చే కాలంలో ఊళ్ళోకి వచ్చి, కథ చెప్పి, గింజలు తీసుకొని కదిలిపోయేవారు. కరువు వస్తే ముందు మూతపడేది వీరి పొయ్యే. రైతు గాదెలో గింజ లేనప్పుడు కథకుడికి పెట్టేదెవరు?

కడప జిల్లాలోని సురభి గ్రామం ఇందుకు ఒక ప్రత్యేకమైన ఉదాహరణ. తోలుబొమ్మలాట ఆడే మరాఠీ మూలాల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచకవధ’ను మనుషులే పాత్రధారులుగా ఆడారు. అక్కడినుంచి సురభి నాటక సమాజాలు విస్తరించాయి. ఒక ఊరి పేరు ఇంటిపేరులా తగిలించుకున్న ఈ కళాకారులు దశాబ్దాలపాటు ఏ ఊళ్ళోనూ నిలవకుండా తిరిగారు. తెర ముందు రాజమందిరాలు, తెర వెనుక డేరాల్లో సంసారాలు. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే వేషం కట్టడం నేర్చారు. తరువాతి కాలంలో హైదరాబాదు శివార్లలో సురభి కాలనీ ఏర్పడడం వారికి ఎంతో ముఖ్యమైన ఘట్టం. కళాకారుడికి చప్పట్లు వేరు, చిరునామా వేరు అని ఈ ఉదాహరణ చెబుతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

అ) బుడ్డా వెంగళరెడ్డి పాటనుంచి వలసల గురించి పరోక్షంగా ఏం తెలుసుకోవచ్చు?
ఆ) హూపర్ ఛాయాచిత్రాల మీద వచ్చిన విమర్శ ఏమిటి?

5. జోలె పట్టిన కళ, ప్రశ్నించిన కళ

1943 బెంగాల్ క్షామం దేశమంతటా కళాకారులను కదిలించింది. చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు మిడ్నపూర్ ప్రాంతంలో తిరిగి, క్షామ బాధితుల బొమ్మలు గీసి పుస్తకంగా తెచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించి ప్రతులను తగలబెట్టింది. హూపర్ బొమ్మలతో పోల్చితే ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. చిత్తప్రసాద్ తాను కలిసినవారి పేర్లు, ఊళ్ళు, వారు ఇల్లు వదిలిన కారణాలు కూడా రాసుకున్నాడు. అదే సంవత్సరం మన దగ్గర ప్రజానాట్యమండలి ఏర్పడింది. ఆ కళాకారులు సంచార జంగాల కళారూపాన్ని తీసుకొని బుర్రకథగా కొత్త వస్తువుతో నింపారు. రాజుల కథ చెప్పే తంబురాకు కరువు కథ, కౌలురైతు కథ వచ్చి చేరాయి.

1952లో రాయలసీమను తీవ్రమైన కరువు పట్టుకుంది. గంజి కేంద్రాలు వెలిశాయి. అప్పుడు ఎన్.టి. రామారావు తదితర సినీ నటులు జోలె పట్టి తిరిగి రాయలసీమ క్షామ నివారణకు విరాళాలు సేకరించారు. తెర మీద మాత్రమే కనిపించే నటుడు వీధిలోకి వచ్చి అడగడంతో, కోస్తా పట్టణాల ప్రజలకు రాయలసీమ కరువు తమ వాకిట్లోకి వచ్చినట్టయింది. అవసరమైన సమయంలో అన్నం అందించిన ప్రయత్నం గనుక దీని విలువను తక్కువ చేయలేం. అయితే విరాళం ఆకలి తీరుస్తుంది. ఆకలికి కారణమైన చెరువుల పూడికను, అప్పును, చేజారిన భూమిని అది తాకదు.

ఆ పని మరో రకమైన కళ చేసింది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ 1956లో పుస్తకంగా వెలువడింది. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబానికి చెందిన రంగన్న కూలి బతుక్కి దిగజారడం, అతని భార్య గంగమ్మ పడే యాతన ఇందులోని వస్తువు. కావ్యనాయకుడిగా ఒక నిరుపేద నిలిచాడు. అతనికి పేరుంది, భార్య ఉంది, గతం ఉంది. 1866 నాటి పాటలో గుంపుగా ఉన్న మనిషి తొంభై ఏళ్ళ తరువాత ఒక కావ్యానికి కేంద్రమయ్యాడు. ఈ మార్పు సాహిత్యానికి మాత్రమే సంబంధించింది కాదు. పేదవాడు దయకు పాత్రుడు అనే దృష్టినుంచి, పేదవాడు ఎందుకు పేదవాడయ్యాడు అని అడిగే దృష్టికి సమాజం మళ్ళుతున్నదనడానికి ఇది ఒక గుర్తు.

6. శ్రీశైలం ముంపు: కదిలిన గుళ్ళు, చెదిరిన ఊళ్ళు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. జలాశయం నిండితే కృష్ణా, తుంగభద్ర తీరాల్లోని కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ళు వందకు పైగా మునుగుతాయని ముందే తెలుసు. లక్షకు పైగా జనం కదలవలసి వచ్చింది.

మునిగే ప్రాంతంలో ప్రాచీన దేవాలయాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని పురావస్తు శాఖ తరలించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు సమీపంలోని జగన్నాథగట్టు మీద నిలిచింది. ఈ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడం అవసరం. ముందుగా గుడి కొలతలు తీసి పటాలు గీస్తారు. ప్రతి రాతికి ఒక సంఖ్య రాస్తారు. వరుస తప్పకుండా విప్పి, కొత్త చోట అదే వరుసలో తిరిగి పేరుస్తారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో చివరిదాకా లెక్క తప్పదు. ఇది మన ఇంజనీర్లు, శిల్పులు సాధించిన గొప్ప విజయం. అలంపురం వెళ్ళినవారు ఆ గుడి అక్కడ మొదటినుంచీ ఉందనే అనుకుంటారు.

మనుషుల విషయంలో ఇలా జరగలేదు. 1981 జూన్‌లో నీరు నిలపడానికి ముందు ‘ఆపరేషన్ డిమాలిషన్’ పేరుతో ఊళ్ళు ఖాళీ చేయించి, ఇళ్ళు కూల్చారు. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. అది ఆస్తికి వెల కట్టి యజమానికి డబ్బు ఇచ్చే చట్టం. పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని అది చెప్పలేదు. అందువల్ల భూమి లేని కూలీ, ఇతరుల స్థలంలో గుడిసె వేసుకున్న మనిషి, ఊరి పనుల మీద బతికే చాకలి, మంగలి, కుమ్మరి వంటి వృత్తులవారు దాదాపు లెక్కలోకి రాలేదు. ఊరంటే ఇళ్ళు మాత్రమే కాదు. ఎవరి పొలంలో ఎవరికి పని, ఎవరి బావి నీళ్ళు ఎవరికి, ఎవరి పెళ్ళికి ఎవరు డప్పు కొట్టాలి అనే వరుస కూడా ఊరే. గుడి రాళ్ళకు వేసిన సంఖ్యలు ఈ వరుసకు ఎవరూ వేయలేదు. జనం తలో దిక్కుకు చెదిరిపోయారు.

పౌర సమాజానికి చెందిన నిజనిర్ధారణ బృందాలు ఈ స్థితిని నమోదు చేశాయి. నిర్వాసితులు ఏళ్ళ తరబడి ఆందోళన సాగించారు. 1986లో ప్రభుత్వం 98వ నంబరు ఉత్తర్వు ద్వారా నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగావకాశం కల్పించింది. ఊరు పోయి అయిదేళ్ళు గడిచిన తరువాత వచ్చిన ఉత్తర్వు ఇది. దీని అమలు కోసం కూడా చాలాకాలం పోరాడవలసి వచ్చింది.

ఇదే వైరుధ్యం ప్రపంచంలో మరోచోట కూడా కనిపిస్తుంది. ఈజిప్టులో అస్వాన్ డ్యామ్ కట్టినప్పుడు అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య ముక్కలుగా కోసి ఎత్తైన చోట తిరిగి నిలిపారు. ప్రపంచమంతా దాన్ని కొనియాడింది. అదే నీటివల్ల ఊళ్ళు కోల్పోయిన నూబియన్ ప్రజల గురించి అంత చర్చ జరగలేదు. పురాతన కళను కాపాడుకోవాలన్న స్పృహ ఉన్న సమాజానికి, ఆ కళ చుట్టూ బతికిన మనుషుల గురించి కూడా అంతే స్పృహ కలగాలంటే ఏం కావాలి? అలంపురంలోనో జగన్నాథగట్టు మీదనో నిలబడి ఈ ప్రశ్న వేసుకోవచ్చు.

7. కథ, నవల: ఇంటి లోపలి చరిత్ర

తరువాతి దశాబ్దాల్లో రాయలసీమ కథకులు ఈ చరిత్రను ఇంటి లోపలినుంచి చూపారు. కడప జిల్లాకు చెందిన కేతు విశ్వనాథరెడ్డి వీరిలో ప్రముఖులు. ‘జప్తు’, ‘నమ్ముకున్న నేల’ వంటి రచనల్లో రైతు తన నేలతో, ఊరితో పెనవేసుకున్న బంధం ఎలా తెగిపోతుందో ఆయన చిత్రించారు. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేసింది కూడా ఆయనే. ఊరు మునిగినా, పాడుబడినా పేరు కొంతకాలం మిగులుతుంది. ఆ పేరును నమోదు చేయడం కూడా ఒక రకమైన రక్షణే.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 2019లో తానా పురస్కారం పొందిన ‘కొండపొలం’ నవలలో, కరువు కాలంలో గొర్రెలను తోలుకొని నల్లమల అడవిలోకి వెళ్ళే కాపరుల బతుకును వస్తువుగా తీసుకున్నారు. ఇంటికి దూరంగా, ఆకాశమే కప్పుగా గడిపే ఆ రోజులను ఆయన దయనీయమైనవిగా మాత్రమే చూపలేదు. అడవి గురించి కాపరులకు ఉన్న జ్ఞానాన్ని, వారి మధ్య ఉండే సహకారాన్ని కూడా చూపారు. ఇల్లు లేనితనాన్ని చిత్రించే కళకు ఇది ముఖ్యమైన పాఠం. మనిషిని బాధితుడిగా మాత్రమే చూపితే పాఠకుడికి జాలి కలుగుతుంది. అతని నైపుణ్యాన్ని కూడా చూపితే గౌరవం కలుగుతుంది.

ఈ చరిత్ర ముగిసిపోలేదు. పెన్నానది మీది సోమశిల జలాశయం కడప జిల్లా ఊళ్ళను ముంచింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తి వేలాది కుటుంబాలను రాత్రికి రాత్రే నిరాశ్రయులను చేసింది. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు పునరావాసం పూర్తికాకుండానే ఊళ్ళోకి నీళ్ళు వస్తున్నాయని ఆందోళన చేశారు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు తీరంలోని పులపుత్తూరు వంటి ఊళ్ళలో ఇళ్ళు కొట్టుకుపోయాయి. 2013 భూసేకరణ చట్టం పునరావాసాన్ని హక్కుగా గుర్తించింది. కాని చట్టంలోని హక్కు గుమ్మం దాకా రావాలంటే, దాన్ని అడిగేవారి గొంతు బయటికి వినిపించాలి.

8. కళ ఎంతవరకు పనిచేస్తుంది?

కళ వల్ల అవగాహన పెరుగుతుందని తేలిగ్గా అంటాం. చరిత్ర విద్యార్థిగా దీన్ని పరీక్షించి చూడాలి. 1966లో బ్రిటన్‌లో బి.బి.సి. ‘కేథీ కమ్ హోమ్’ అనే టెలివిజన్ నాటకాన్ని ప్రసారం చేసింది. ఇల్లు పోగొట్టుకున్న ఒక యువ కుటుంబం కథ అది. సుమారు కోటీ 20 లక్షల మంది చూశారు. కొద్దిరోజులకే ‘షెల్టర్’ అనే స్వచ్ఛంద సంస్థ ప్రారంభమైంది. నాటకం వల్లే సంస్థ పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి సంస్థ ఏర్పాట్లు అంతకుముందే జరుగుతున్నాయి. నాటకం దానికి వినే చెవులను సిద్ధం చేసింది. కళ ఒంటరిగా ఇల్లు కట్టలేదు. సంస్థ, ఉద్యమం, చట్టం సిద్ధంగా ఉన్నచోట అది వాటికి బలం ఇస్తుంది.

మన ప్రాంతపు ఉదాహరణలు కూడా ఇదే చెబుతున్నాయి. 1952లో నటుల జోలె నిండింది గాని, జోలె పట్టినవారు వెళ్ళిపోయిన తరువాత చర్చ కొనసాగించే వేదిక బలంగా లేదు. శ్రీశైలం నిర్వాసితులకు ఉత్తర్వు వచ్చింది వారు సంఘటితంగా పోరాడినందువల్ల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బాధితులే మాట్లాడే చోట కళకు ఎక్కువ ఫలితం ఉంటుందని అర్థమవుతుంది.

కాబట్టి ఒక కళాఖండాన్ని ఆధారంగా తీసుకున్నప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఇందులో ఎవరికి పేరు ఉంది? మాట్లాడేది ఎవరు? ఇల్లు ఎందుకు పోయిందో చెబుతోందా? చూసినవారు ఏం చేయాలని కోరుతోంది?

ఈ పాఠం చదువుతున్నవారిలో కొందరి కుటుంబాలకు సుగ్గి అనుభవం ఉండవచ్చు. కొందరి తాతల ఊరు నీళ్ళ కింద ఉండవచ్చు. అలాంటి ఇంట్లో పెద్దవారు పాడే పాట, చెప్పే సంగతి, దాచుకున్న పాత ఫొటో కూడా చరిత్ర ఆధారాలే. వారి అనుమతితో వాటిని రాసి పెట్టుకోండి. ఊరి పేరు, ఇంటి ముందున్న చెట్టు, పక్కింటివారి పేర్లు అడగడం మరచిపోకండి. గుడి రాళ్ళకు వేసిన సంఖ్యల్లాగే ఇవి కూడా చెదిరిన ఊరిని జ్ఞాపకంలోనైనా తిరిగి పేర్చడానికి పనికొస్తాయి.

9. సారాంశం

కర్నూలు, కడప ప్రాంతాల్లో కరువు, వలస, ముంపు, వరద ప్రజలను ఇళ్ళకు దూరం చేశాయి. 19వ శతాబ్దపు పాట దాతను కీర్తించింది. క్షామ ఛాయాచిత్రాలు దూరదేశాల దృష్టిని ఆకర్షించాయి గాని, బాధితులకు పేరు ఇవ్వలేదు. 1940, 50 దశకాల్లో బుర్రకథ, కావ్యం పేదవాడిని కథానాయకుడిని చేశాయి. శ్రీశైలం ముంపులో దేవాలయాలను క్రమపద్ధతిలో తరలించిన సమాజం ప్రజలను అంత శ్రద్ధతో తరలించలేదు. ఆధునిక కథ, నవల ఈ అనుభవాన్ని గౌరవంతో నమోదు చేశాయి. సంఘటిత పోరాటం, చట్టం తోడైనప్పుడే కళ కలిగించిన అవగాహన ఫలితాన్ని ఇస్తుంది.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. శ్రీశైలం ముంపులో దేవాలయాల తరలింపును, ప్రజల పునరావాసాన్ని పోల్చి చర్చించండి.
2. నిరాశ్రయత పట్ల కళల దృష్టి 1866 నుంచి 1956 వరకు ఎలా మారిందో వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. సుగ్గి వలసలు జనాభా లెక్కలకు ఎలాంటి సమస్యను తెస్తాయి?
2. సురభి నాటక కుటుంబాల సంచార జీవితాన్ని గురించి రాయండి.
3. కళాఖండాన్ని చరిత్ర ఆధారంగా వాడేటప్పుడు వేయవలసిన ప్రశ్నలు ఏవి?